గాటు పడిన చెవి

ఆ వేసవిలో మా ఇంట్లో నోరు మూయనిది ప్రింటింగ్ మిషను ఒక్కటే. పొద్దున్నే షట్టరు లేపింది మొదలు మళ్ళీ దించేదాకా కిర్రు కిర్రుమంటూ ఫ్లెక్సీలు కక్కుతూ ఉండేది. మనుషులం మాత్రం మొదట మాటలు తగ్గించుకున్నాం, తర్వాత మొహాలు తిప్పుకున్నాం. నేను ఊరుకునే మనిషిని కాదు. నా నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని మా అమ్మే అనేది. అలాంటిదాన్ని నేను కూడా ఆ రెండు నెలల్లో చాలా మాటలు మింగాను.

సరిహద్దులో మళ్ళీ అలజడి మొదలైందని టీవీలో చెప్పిన కొద్ది రోజులకే, సైన్యంలోకి కుర్రాళ్ళను చేర్చుకునే ఆఫీసు నుంచి ఒక అధికారి మా కొట్టుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. కూర్చోమన్నా కూర్చోకుండా, కౌంటరు పైన గోడకున్న పాత బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ బొమ్మ యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో మా మావయ్యగారు చెక్క మీద వేసింది. సైనికుడి టోపీ పెట్టుకున్న కుర్రాడు చెయ్యి ముందుకు చాచి నేరుగా మన కళ్ళలోకి చూస్తుంటాడు. కింద ఎర్ర అక్షరాలతో "నేను వచ్చాను. నీ వంతు ఎప్పుడు?" అని ఉంటుంది. దాన్నే అచ్చు వేయించి అప్పట్లో ఊరూరా అంటించారట. కొట్లో ఏ మూలకి వెళ్ళినా ఆ కళ్ళు మన వెనకే వస్తాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గోడ ఎదుట తల దువ్వుకోవడానికి కూడా నాకు సిగ్గేసేది.

ఆ కుర్రాడు మావయ్యగారి తమ్ముడు. బొమ్మ గోడలెక్కగానే ఊళ్ళో అందరికంటే ముందు తనే వెళ్ళి చేరాడట. తిరిగి రాలేదు. మా ఇంటి గొప్పంతా అదే. ఎవరొచ్చినా మా ఆయన ఆ కథ ఎత్తుకునేవాడు. మావయ్యగారు సరిగ్గా ఆ సమయానికి ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు. పొగడ్తంటే మొహమాటం కాబోలు అనుకునేదాన్ని.

"నాకు కావలసింది ఇదే," అన్నాడు అధికారి. "కాకపోతే ఇప్పటి పిల్లలకి ఈ మొహం పాతబడిపోయింది. అదే చెయ్యి, అదే మాట, మొహం మాత్రం కొత్తది. ఊరంతా పెట్టాలి."

మా ఆయన చూపు మిషను పక్కన కూర్చున్న మా బుజ్జి మీద పడింది. ఇరవై ఏళ్ళొచ్చినా మా అబ్బాయి వీధిలో అందరికీ బుజ్జిగాడే. డిగ్రీ అయిపోయి, కొట్లో కంప్యూటరు మీద డిజైన్లు చేస్తున్నాడు. ఆరడుగుల మనిషి, సూదిమందు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు.

"మొహం కోసం ఎక్కడికో పోవడం ఎందుకండీ," అన్నాడు మా ఆయన. "అదే రక్తం ఇక్కడే ఉంది."

అధికారి బుజ్జినీ బొమ్మనీ మార్చి మార్చి చూశాడు. "చెవులు తప్ప అచ్చం అలాగే ఉన్నాడు," అని నవ్వాడు.

బొమ్మలో కుర్రాడి కుడి చెవి అంచున చిన్న గాటు ఉంటుంది. అలాంటి గాటే మావయ్యగారి ఎడమ చెవికి ఉంది. చిన్నప్పుడు రేకు డబ్బా అంచు కోసుకుందట. అన్నకి ఎడమ, తమ్ముడికి కుడి, ఇద్దరూ ఒకే డబ్బాతో కొట్టుకున్నారు కాబోలు అని మా అత్తగారు బతికున్న రోజుల్లో ఆటపట్టించేవారు. ఆ మాటకి అందరూ నవ్వేవారు, మావయ్యగారు తప్ప.

ఆ రోజు ఆయన వెనక గది గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "వాడి మొహం వద్దు," అన్నారు.

"ఎందుకు వద్దు నాన్నా?" అన్నాడు మా ఆయన.

"వద్దన్నాను."

"అదే, ఎందుకని అడుగుతున్నాను."

మావయ్యగారు కుంచెలు తుడిచే గుడ్డని చేతుల్లో నలుపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. "చేతిపని పోయినప్పట్నుంచి ఆయనకి మిషనంటే పడదులెండి," అని మా ఆయన అధికారికి సర్దిచెప్పాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. సినిమా హాళ్ళకి మేడంత బొమ్మలు వేసిన మనిషి, మిషను వచ్చాక కుంచెలతో పాటు తనూ వెనక గదికి చేరారు. ఆయన నెల్లాళ్ళు వేసేది అది పది నిమిషాల్లో కక్కేస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను.

ఫొటో బుజ్జే ఫోనుతో తీయించుకుని, టోపీ అతికించి, రెండు రోజులు కూర్చుని డిజైను చేశాడు. "తాత కళ్ళు మన వెంటపడేలా ఎలా వేశాడో కనిపెట్టేశానమ్మా," అని సంబరంగా చూపించాడు. "నల్లగుడ్డు సరిగ్గా నడిమధ్యన ఉండాలి. అంతే కిటుకు." కాకిపిల్ల కాకికి ముద్దు. నాలుగు రోడ్ల కూడలిలో రెండు అంతస్తుల ఎత్తున నా కొడుకు మొహం లేచినప్పుడు, కూరగాయలకని వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చాను.

మొదటి వారం అంతా నవ్వులాటే. మా ఎదురు కొట్టు మంగలి అయితే బుజ్జి కనబడితే చాలు, కత్తెర పైకెత్తి సెల్యూట్ కొట్టేవాడు.

"ఏం హీరో, ప్రయాణం ఎప్పుడు?"

"నాకెందుకు మావా ప్రయాణం. నాది మొహం అప్పిచ్చే ఉద్యోగం," అనేవాడు వీడు.

"మరి 'నేను వచ్చాను' అని రాసుకున్నావు. ఎక్కడికొచ్చావు, నా సెలూన్‌కా?"

వీధంతా నవ్వింది, వాడూ నవ్వాడు. కానీ అదే మాట మందుల కొట్టు దగ్గర ఒకరు, బస్టాపులో ఒకరు, లైబ్రరీలో ఒకరు అడిగారు. అడిగేవాళ్ళ మొహాల్లో నవ్వు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఈలోగా మా వీధి నుంచే నలుగురు కుర్రాళ్ళు పేర్లు ఇచ్చి, సంచులు సర్దుకుని వెళ్ళారు. అందులో ఇస్త్రీ బండి ఆమె కొడుకు ఒకడు. ఆమెకి వాడొక్కడే.

ఆమె ఒక మధ్యాహ్నం మడతపెట్టిన బట్టల మూటతో కొట్టుకి వచ్చింది. నన్ను తిట్టడానికే వచ్చిందనుకుని నేను ముందే మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు.

"మావాడు వెళ్ళాడమ్మా," అంది. "బుజ్జన్నే వెళ్తుంటే నాకేం భయం అన్నాడు. మీవాడు ఎప్పుడెళ్తాడో కనుక్కుందామని వచ్చాను. ఇద్దర్నీ ఒకేచోట ఉంచమని ఆఫీసులో అడుగుదాం. మీవాడు పక్కనుంటే నాకు కాస్త ధైర్యం."

మిషను వెనక బుజ్జి కదలకుండా నిలబడి ఉన్నాడు. నాకు కనబడుతున్నాడు, ఆమెకి కనబడటం లేదు. నా నోట్లోంచి "వాడు ఇంట్లో లేడు" అన్న అబద్ధం దానంతటదే వచ్చింది. ఆమె గుమ్మం దగ్గరున్న బుజ్జి పెద్ద చెప్పుల వంక చూసింది. తర్వాత నా వంక చూసి, "సరేలేమ్మా," అని మూట కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజుతో బుజ్జి ముందు గుమ్మంలోంచి బయటికెళ్ళడం మానేశాడు. తప్పనిసరైతే వెనక సందులోంచి తిరిగొచ్చేవాడు. వాడి గది కిటికీకి ఎదురుగా, రోడ్డుకి అవతల వాడి ఫ్లెక్సీయే ఉంది. ఎండలు నిప్పులు చెరుగుతుంటే ఆ కిటికీ రెక్కలు మూసుకుని, చెమటల్లో పడుకునేవాడు. నేను వెళ్ళి తెరిస్తే లేచి మళ్ళీ మూసేవాడు. ఏమైందిరా అంటే ఏమీ లేదమ్మా అనేవాడు.

ఒక రోజు భోజనాల దగ్గర తలెత్తకుండా అన్నాడు. "ఆదివారం కాలేజీ మైదానంలో మళ్ళీ సైన్యం ఎంపికలు. పదింటికల్లా గేటు మూసేస్తారు. నేను వెళ్తున్నాను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అది బొమ్మరా. నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"నేనే కదా నాన్నా, ఊరందరినీ రమ్మంటున్నాను."

మావయ్యగారు కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ ఫ్లెక్సీలు దింపించమని మా ఆయన అధికారికి ఫోను చేశాడు. పక్కనే ఉన్న నాకు అవతలి మాటలు కూడా వినబడ్డాయి. "మీ అబ్బాయి వస్తున్నాడా? అంతకంటే ఏం కావాలండీ, పేపర్లో వేయిద్దాం," అన్నాడాయన మెత్తగా. మా ఆయన ఫోను పెట్టేసి గోడ మీది బొమ్మ వైపు చూశాడు. ఇన్నేళ్ళూ తను అందరికీ చెప్పుకున్న గొప్పే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. తన చిన్నాన్న వెళ్ళడం గొప్పయితే కొడుకు వెళ్ళడం తప్పెలా అవుతుంది? నేను నేరుగా వెనక గదిలోకి వెళ్ళాను.

మావయ్యగారు గడ్డం గీసుకునే అద్దం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అప్పుడు వద్దన్నారు," అన్నాను. "ఎందుకో ఇప్పుడైనా చెప్పండి."

ఆయన అద్దం ఎత్తి మొహానికి ఎదురుగా పట్టుకున్నారు. "ఇటొచ్చి నా వెనక నిలబడి చూడమ్మాయ్. నా గాటు ఏ చెవికి?"

"ఎడమ చెవికి."

"అద్దంలో ఉన్నవాడు నీకెదురుగా కూర్చున్న మనిషే అనుకో. వాడికి ఏ చెవికి?"

ఒక్క క్షణం పట్టింది నాకు. "కుడి చెవికి."

"అద్దం చూసి వేస్తే అంతే, ఎడమ కుడవుతుంది. మా తమ్ముడి చెవులు రెండూ బంగారంలా ఉండేవి."

ముందు గదిలో మిషను ఆగింది. ఆయన గొంతు తగ్గించారు.

"అప్పటి ఆఫీసువాళ్ళు నా మొహమే వెయ్యమన్నారు. చూడ్డానికి బాగానే ఉన్నావు, అద్దం పెట్టుకుని వేసెయ్, ఇంకొకడెందుకు అన్నారు. వేశాను. ముప్పాతిక మొహం అయిపోయింది. కళ్ళు దిద్దుతుంటే అది నన్నే అడగడం మొదలుపెట్టింది, నీ వంతు ఎప్పుడని. ఈ మొహం గోడెక్కితే నేను వెళ్ళక తప్పదని అర్థమైంది. భయమేసింది. తుడిచేసి, రంగులు కలుపుతున్న తమ్ముణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను."

"చెవి?"

"చెవి బాగా కుదిరింది. దాన్ని తుడిచెయ్య బుద్ధి కాలేదు. వాడి జుట్టు దానిమీదికి దువ్వి వేశాను కానీ గాటు కనబడుతూనే ఉంది."

"ఆయనకి తెలుసా?"

"నా మొహం తుడిచిన గుడ్డ ఉతికింది వాడే. తెలియకుండా ఎలా ఉంటుంది? ఏమీ అనలేదు. బొమ్మ గోడలెక్కాక ఊరంతా వాణ్ణి అడిగింది, ఎప్పుడెళ్తున్నావని. వెనక సందులోంచి తిరిగేవాడు. చివరికి ఒకరోజు వెళ్ళి పేరిచ్చి వచ్చాడు. రైలెక్కే ముందు నా చెవి పట్టుకుని, 'నీ చెవి నాతో వస్తోందిలే అన్నయ్యా, బెంగపెట్టుకోకు' అన్నాడు."

నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. "వీడి ఫొటో తీసిన రోజునే ఈ మాట చెప్తే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

"రాలేవి," అన్నారు. "యాభై ఏళ్ళుగా రాలతాయనే భయపడుతున్నాను. నువ్వెంత తిట్టినా పడతాను. ముందు పెద్ద నిచ్చెన ఎక్కడుందో చెప్పు."

శనివారం ఎండకి రోడ్లన్నీ ఖాళీ అయ్యాక మేమిద్దరం కూడలికి వెళ్ళాం. మైదానానికి వెళ్ళేవాళ్ళెవరైనా అటునుంచే వెళ్ళాలి. ఫ్లెక్సీ మీద రంగు నిలవదట, అందుకని బుజ్జి మొహమంతా ఉప్పుకాగితంతో గరుకుగా రుద్ది, దానిమీద తెల్లరంగు పూశారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి నిచ్చెన చివర నిలబడి నా కొడుకు కళ్ళ మీద తెల్లకుంచె లాగుతుంటే, కింద నిచ్చెన పట్టుకుని నేను పైకే చూస్తూ నిలబడ్డాను. నాకు కలిగింది భయమో, హాయో ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రానికి ఆ వార్త మాకంటే ముందు ఇంటికి చేరింది. "కూడలిలో వాడి మొహం ఎవరో చెరిపేశారట," అంటూ మా ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మావయ్యగారి గోళ్ళ నిండా తెల్లరంగు ఉంది.

"నువ్వేనా నాన్నా?"

"నేనే."

"రేపు ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పను? మన పరువేం కాను? చిన్నాన్న పేరు..."

"చిన్నాన్న తనంతట తను వెళ్ళలేదురా," అన్నారు మావయ్యగారు. "నా బదులు వెళ్ళాడు."

అక్కడే నిలబడి, నాకు చెప్పినదంతా ఇంకా తక్కువ మాటల్లో కొడుక్కి చెప్పారు. బుజ్జి గది తలుపు మూసే ఉంది. విన్నాడో లేదో తెలియదు. మా ఆయన కౌంటరు దగ్గరికి వెళ్ళి స్టూలు ఎక్కి, బొమ్మలోని కుడి చెవిని వేలితో తడిమి చూశాడు.

ఆదివారం నేనూ మావయ్యగారూ తెల్లారుతూనే కూడలిలో ఉన్నాం. ఆయన నిచ్చెన మెట్టుకి అద్దం కట్టుకుని, తెల్లటి మొహం మీద బొగ్గుతో గళ్ళు గీశారు. ఒక్కో గడి నింపుకుంటూ పోయారు. ముడతలు పడిన నుదురు వచ్చింది, కిందికి జారిన రెప్పలు వచ్చాయి, పళ్ళూడిన దవడ వచ్చింది. ఎండ ఎక్కేకొద్దీ జనం పోగయ్యారు. టోపీ కుర్రవాడిది, చాచిన చెయ్యి కుర్రవాడిది, మధ్యలో ముసలి మొహం. కింద "నీ వంతు ఎప్పుడు?" అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. మంగలి ముందు పకపకా నవ్వాడు. చుట్టూ ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

అధికారి మైదానం వైపు నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏమిటండీ ఇది? దిగండి ముందు."

"మొహం కావాలన్నారుగా," అన్నారు మావయ్యగారు తల తిప్పకుండా. "యాభై ఏళ్ళ కిందట అడిగిన మొహం. ఇప్పటికి కుదిరింది."

అధికారి నిచ్చెన మీద చెయ్యి వెయ్యబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి వెనక్కి తీసుకున్నాడు. ఫోను తీసి పక్కకి వెళ్ళాడు. అప్పుడే మా ఆయన స్కూటరు వచ్చి ఆగింది. వెనక సీటు మీద చుట్టలు చుట్టిన ఫ్లెక్సీలు తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఒక చుట్ట కొసన బుజ్జి చాచిన చెయ్యి కనబడుతోంది. చీకటితో లేచి వీధి వీధీ తిరిగి దింపుకొచ్చాడన్నమాట. అరచేతులు తాళ్ళకి ఒరుసుకుని ఎర్రగా ఉన్నాయి.

ఇస్త్రీ బండి ఆమె జనం వెనక నుంచి ముందుకొచ్చి, తలెత్తి చాలాసేపు చూసింది. "రెండు నెలల ముందు వేసుంటే బాగుండేది," అంది. ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు ఆ గొంతు. మావయ్యగారి కుంచె ఆగింది. "అవునమ్మా," అన్నారు ఆయన పైనుంచి. ఆమె బండి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకి మాత్రం ఎవరం ఏమీ తిరిగివ్వలేకపోయాం.

బుజ్జి వచ్చాడు. భుజాన సంచి, అందులో సర్టిఫికెట్లు. మైదానం గేటు అక్కడికి కూతవేటు దూరం. పైకి చూసి అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, తాతని దించు. పడిపోతాడు."

"దిగనంటున్నారు," అన్నాను. "నా చేతులు లాగేస్తున్నాయిరా. ఒక్క నిమిషం నువ్వు పట్టుకో."

"నాకు టైమవుతోంది."

"ఒక్క నిమిషమేరా."

వాడు సంచి కింద పెట్టి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను. తాత ఎక్కడా తొందరపడలేదు. ఒక కన్ను దిద్దారు, రెండో కన్ను దిద్దారు, నల్లగుడ్లు సరిగ్గా నడిమధ్యన పెట్టారు. మనవడు కింద నుంచి ఆ కళ్ళలోకి చూస్తూ ఉన్నాడు. నిచ్చెన కొద్దిగా కదిలినప్పుడల్లా వాడి పట్టు బిగుసుకునేది.

"బుజ్జీ," అన్నారు పైనుంచి. "చెవి మిగిలింది. గాటు ఎటు పెట్టను? అద్దంలో ఇటు కనబడుతోంది."

"అద్దం చూడకు తాతా," అన్నాడు వాడు. తలుపు మూసుకుని అంతా విన్నాడని నాకు అప్పుడు తెలిసింది. "నీది ఎడమ చెవి. ఎడమ చెవికే పెట్టు."

మావయ్యగారు అద్దం విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నారు. చేత్తో తన చెవి ఒకసారి తడుముకుని, బొమ్మకి ఎడమ చెవి వేసి, దాని అంచున గాటు పెట్టారు.

మైదానం వైపు నుంచి ఇనప గేటు మూస్తున్న చప్పుడు వినబడింది. బుజ్జి తల అటు తిప్పాడు, చేతులు మాత్రం నిచ్చెన మీదే ఉంచాడు. నిజానికి ఆ రోజు నా చేతులకి ఏ నొప్పీ లేదు. ఆ సంగతి వాడికి ఇప్పటికీ చెప్పలేదు.